దుంగ నుండి ద్వారం దాక
(మహాకుంభాభిషేక మహోత్సవాల రెండవనాటి సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై ఉదయం నుండి పండితులు ఆగమశాస్త్రం గురించి, క్షేత్రమాహాత్మ్యం గురించి ప్రసంగించారు. నాకు శాస్త్రం తెలియదు. నలభై సంవత్సరాలు కలప అడితిలలో గుమాస్తాగా, తరువాత చిన్న వ్యాపారిగా బ్రతికినవాడను. నాకు తెలిసినది కొయ్య, కొయ్యతో బ్రతికే మనుషులు. మండలివారు "ఆ సంగతులే చెప్పండి, కట్టడపు పనివారిని గురించి ఎవరూ చెప్పరు" అని కోరినందువలన ఈ సాహసం చేయుచున్నాను.

ఆలయ ప్రాకారంలో నూతనంగా నిలిపిన పాలరాతి ఫలకాన్ని మీరందరూ చూసే ఉంటారు. దాతల పేర్లు, వారి తల్లిదండ్రుల పేర్లు, సమర్పించిన ద్రవ్యం వివరాలు దానిపై చెక్కబడి ఉన్నవి. అది ఉచితమే. దాత లేనిదే జీర్ణోద్ధరణ లేదు. అయితే పూర్వం ఇక్కడ జరిగిన పనుల ఫలకాలు కూడా నేను చదివాను. వాటిలో ఒక్కదానిపైనా కొయ్య కోసినవాని పేరు గాని, తలుపు చేసినవాని పేరు గాని లేదు. ఈసారి మండలివారు ఒక మంచి నిర్ణయం చేశారు. రెండున్నర సంవత్సరాలుగా ఇక్కడ పనిచేసిన శిల్పులు, వడ్రంగులు, తాపీ పనివారు, కూలీలు అందరి పేర్లూ ఈ సంచిక చివరి పుటలలో అచ్చు వేయించుచున్నారు. కనుక నేను ఇక్కడ వారి పేర్లు మరల చెప్పను. వారి పని ఎట్టిదో, ఆ పనిలోనికి మనిషి ఎట్లు వస్తాడో, ఎట్లు ఎదుగుతాడో, ఎట్లు పోతాడో మాత్రమే మనవి చేస్తాను. చివరకు నా సొంత తప్పు ఒకటి ఈ సభలో ఒప్పుకొనవలసి ఉన్నది. అందుకే ముఖ్యంగా ఈ మైకు ముందుకు వచ్చాను.

గోదావరి తీరంలో పుట్టినవారికి కలప వ్యాపారం క్రొత్త కాదు. ఎగువ మన్యంలో నరికిన దుంగలను తెప్పలుగా కట్టి నదిలో దిగువకు తెచ్చేవారు. పచ్చి టేకు బరువైనది. ఒంటరిగా సరిగా తేలదు. అందువలన వెదుళ్ళను జతచేసి కట్టేవారు. ఆ తెప్పలపైనే వండుకొని తిని, రాత్రులు పడుకొని, సుడులు దాటించుకొని రాజమహేంద్రవరం రేవుకు చేర్చినవారి కథలు మా అడితిలో ముసలివారు చెప్పగా విన్నాను. నది, రైలు, అడవి మూడూ అందుబాటులో ఉండుటచేత రాజమహేంద్రవరం కలపకు పేరుపొందినది. అక్కడినుండి కొంత కలప డెల్టా గ్రామాలలో ఇళ్ళకు, కొంత తాళ్ళరేవు ప్రాంతపు పడవలకు, కొంత మనవంటి ఊళ్ళ దేవాలయాలకు, రథాలకు పోయేది.

అడితి అంటే ఒక పాఠశాల. అందులో చేరిన కుర్రవాడు మొదట దుంగలపై నంబర్లు వేయటం నేర్చుకొనేవాడు. తరువాత అటవీశాఖ వారి సుత్తిముద్రను చదవటం, అటు తరువాత కొలత. దుంగ నడుమ చుట్టుకొలత తీసి, దానిలో నాల్గవ వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తే ఘనపుటడుగులు వచ్చును. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు గల దుంగకు ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. నిజానికి గుండ్రని దుంగలో పన్నెండున్నరకు పైగా ఉంటుంది. ఆ మిగిలిన భాగం పొట్టుకు, రంపపు పొడికి, వంకరలకు పోతుందని వ్యాపారం ముందుగానే విడిచిపెట్టినది. ఈ కొలత న్యాయంగా చేసిన గుమాస్తాకు ఊరూరా పేరు ఉండేది. అన్యాయంగా చేసినవానికీ పేరు ఉండేది.

కొలత తరువాత కోత. నేను చేరిన తొలి రోజులలో ఇంకా గుంట రంపం కనిపించేది. దుంగపై ఒకరు నిలుచుంటారు, గుంటలో ఒకరు నిలుచుంటారు. మసిలో ముంచిన నూలుదారాన్ని దుంగపై బిగించి, ఎత్తి విడిచి గీత కొడతారు. పైవాడు ఆ గీత తప్పకుండా నడిపిస్తాడు, క్రిందివాడు బలంగా లాగుతాడు. రోజంతా రంపపు పొడి క్రిందివాని కళ్ళలో, గొంతులో పడుతూ ఉంటుంది. మా అడితిలో అన్నదమ్ములు ఇద్దరు ఉండేవారు. అన్న పైన, తమ్ముడు క్రింద. ఒకనాడు తమ్ముణ్ణి "నీవు ఎప్పుడు పైకి వస్తావు?" అని అడిగాను. "అన్నకు చూపు తగ్గిన నాడు బాబూ" అన్నాడు. వారి వృత్తిలో పదోన్నతి అంటే అదే. కోత మిల్లులలో పట్టీ రంపాలు వచ్చిన తరువాత ఆ గుంటలు పూడిపోయినవి. అన్నదమ్ములలో పెద్దవాడు మిల్లులో దుంగలు తోసే పనికి కుదిరినాడు. చిన్నవాడు రిక్షా తొక్కినాడు.

ఇక వడ్రంగి. ఆ ఇంటి పిల్లవాడు మొదట ఉలులు నూరటం, చిత్రికపట్టిన పొట్టు ఎత్తటం చేసేవాడు. తరువాత బాడిసతో చెక్కటం, మూలమట్టం పెట్టటం, చివరకు కూసం, బెజ్జం కుదిర్చటం. కొయ్యను తట్టి వినటం, కోసిన ముఖాన్ని చూసి వయస్సు చెప్పటం, చేవ ఎంత, దానిచుట్టూ ఉన్న తెల్లచెక్క ఎంత అని చూపుతోనే విడదీయటం వీరికే చెల్లు. టేకు చేవను చెద అంత సులభంగా ముట్టదు. తెల్లచెక్కను మాత్రం విడిచిపెట్టదు. మనిషిని గురించి "చేవ ఉన్నవాడు" అని మనం పొగిడేమాట ఈ వృత్తి నుండి వచ్చినదే.

ఇప్పుడు నా తప్పు.

1978లో ఈ ఆలయానికి కొంత మరమ్మతు జరిగినది. ముఖద్వారం పాతబడి పోగా, క్రొత్త ద్వారబంధం, రెండు తలుపు రెక్కలు చేయించాలని పెద్దలు నిశ్చయించారు. కలప మా అడితి నుండే కొన్నారు. నాకప్పుడు 23 సంవత్సరాలు. సొంత ఊరి ఆలయానికి కలప కొలిచే భాగ్యం కలిగినదని పొంగిపోయాను. మాఘమాసంలో ముహూర్తం. కలప వచ్చినది ఆశ్వయుజంలో. ఆ దుంగలు ఆ వానాకాలపు సరుకు, పచ్చివి.

మన ఊరి వడ్రంగి, మేమందరం ఆచారి గారని పిలిచే పెద్దమనిషి, అడితికి వచ్చి దుంగను బాడిస వెనుకతట్టుతో కొట్టి చూసి, "ఇది ఇంకా పచ్చిగా ఉన్నది బాబూ. రెండు వేసవులు పోనివ్వండి. గడప దగ్గరకు వచ్చే ముక్కలో తెల్లచెక్క ఎక్కువగా ఉన్నది, అది మార్చండి" అన్నారు. అంగుళం మందానికి ఒక సంవత్సరం ఆరాలన్నది పాతవారి లెక్క. అది నాకు తెలుసు. కాని యజమాని "చీటీలో ఎండిన సరుకని వ్రాయి" అన్నారు. వ్రాశాను. పెద్దలు ఆ చీటీ చూసి, గుమాస్తా మన ఊరి కుర్రవాడే కదా అని నమ్మి, ఆచారి గారిని తొందరపెట్టారు. ముహూర్తం దాటరాదు కదా. ఆయన చేశారు.

రెండవ వేసవికి తలుపు రెక్కలు కుదించుకొనిపోయి నడుమ వేలు పట్టేంత సందు వచ్చినది. వానాకాలంలో క్రింద పట్టివేసి తెరచుకొనేది కాదు. నాలుగవ ఏట గడప దగ్గర చెద కనిపించినది. ఊరు ఏమన్నది? "ఆచారి పని చెడగొట్టినాడు" అన్నది. దేవుని వాకిలి చెడగొట్టినవానికి ఇంటి వాకిలి ఎవరిస్తారు? ఒక్కొక్క పనీ తప్పిపోయి, చివరకు ఆయన పట్టణానికి పోయి, ఒక మంచాల కార్ఖానాలో రోజుకూలికి చేరినారు. స్వతంత్రంగా ద్వారబంధాలు నిలిపిన చేయి మంచం కోళ్ళు తోపడా పట్టినది. ఆ సంవత్సరాలలో నేను ఈ ఊరికి ఎన్నోసార్లు వచ్చాను. ఆ తలుపులో నుండే లోపలికి వెళ్ళి దర్శనం చేసుకొన్నాను. చీటీ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన వార్త వచ్చిన నాడు కూడా చెప్పలేదు.

ఈ జీర్ణోద్ధరణ ప్రారంభానికి ముందు మండలివారు పాత లెక్కల పెట్టె తెరచి, కలప సంగతి కనుక చూడమని కొన్ని కాగితాలు నా చేతికిచ్చారు. వాటిలో ఆ చీటీ ఉన్నది. నా దస్తూరి. "ఎండిన టేకు, మొదటి రకం." నలభై ఏళ్ళు దాటినా సిరా చెదరలేదు.

ఆచారి గారి మనుమడు పొరుగు పట్టణంలో వడ్రంగం చేస్తున్నాడని తెలిసి, ఆ చీటీ తీసుకొని అతని వద్దకు వెళ్ళాను. అంతా చెప్పాను. అతడు కాగితం చదివి కొంతసేపు ఊరుకొని, "తాతగారూ, మా తాత ఈ సంగతి మా నాన్నకు చెప్పాడు. మీ పేరు చెప్పలేదు. కొయ్య పచ్చిదని తెలిసీ ఉలి పట్టుకోవటం నా తప్పు అని మాత్రం అన్నాడట" అన్నాడు. తరువాత "కొత్త తలుపులు ఎవరు చేస్తున్నారు?" అని అడిగినాడు.

ఆ ప్రశ్నకు సమాధానం ఈనాడు మీ ఎదుట నిలిచి ఉన్నది. అతడు పెట్టిన షరతు ఒక్కటే: ముందు కలప కొనాలి, రెండు వేసవులు నీడలో, గాలి తగిలేటట్లు పలకల నడుమ బద్దలు పెట్టి ఆరబెట్టాలి, ఆ తరువాతనే ముహూర్తం పెట్టుకోవాలి. మండలివారు అంగీకరించారు. కుంభాభిషేకం ఆలస్యమగుచున్నదని మనలో కొందరు విమర్శించిన సంగతి నాకు తెలుసు. ఆ ఆలస్యానికి కారణం ఇదే. ఆరిన తరువాత అతడు తేమ కొలిచే పరికరంతో ప్రతి పలకనూ పరీక్షించాడు. తాత చెవితో విన్నదానిని మనుమడు అంకెలో చూశాడు. రెండూ కలిసినవని సంతోషించాడు. పాత ద్వారబంధంలో చెడని చేవ ముక్కలను పారవేయక, లోపలి అరుగు పెట్టెకు వాడినాడు. వాటిపై తాతగారి ఉలి గుర్తులు ఇప్పటికీ చూడవచ్చును.

ఇటువంటి జాగ్రత్త మన చిన్న ఆలయానికే కాదు, పెద్ద క్షేత్రాలకూ తప్పదు. తిరుమల శ్రీవారి ఆలయ ధ్వజస్తంభం బంగారు రేకు లోపల కొయ్య శిథిలమైపోయినదని గ్రహించి 1980 దశకం ఆరంభంలో మార్చిన వృత్తాంతాన్ని అప్పటి కార్యనిర్వహణాధికారి కీ.శే. పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు తమ జ్ఞాపకాలలో చెప్పి ఉన్నారు. కర్ణాటక అడవుల నుండి టేకు మ్రాకులను తెచ్చి, ఆ పొడవైన దుంగలను ఘాటు రోడ్డు మలుపులలో కొండపైకి చేర్చటం ఎంతటి పనో కలప లారీ ఎక్కినవారికి తెలుస్తుంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి రథం దగ్ధమైనప్పుడు గోదావరి జిల్లాలు కన్నీరు పెట్టినవి. 2021 ఫిబ్రవరి కల్యాణోత్సవాల నాటికి నూతన టేకు రథం సిద్ధమైనది. అయోధ్యలో 2024 జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగిన ఆలయపు తలుపులకు మహారాష్ట్ర బల్లార్షా టేకు వాడినారు. వాటిని తయారుచేసినది సికింద్రాబాదులోని ఒక కలప సంస్థ. భక్తుల కళ్ళు స్వామిపై ఉంటవి. వాకిలి ఎవరు చేశారని అడిగేవారు కొద్దిమంది.

ఈ వృత్తులలోని మనుషుల స్థితి మారిన తీరు కూడా కొంత చెప్పాలి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం, 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవి కోతను బిగించినవి. అనుమతి లేని కోత మిల్లులు మూతపడినవి. అడవి మిగలటానికి అది అవసరమే. మేము వ్యాపారులమైనా కాదనలేము. అయితే ఆ మిల్లులలోని మనుషులకు వేరొక దారి ఎవరూ చూపలేదు. తరువాత బర్మా టేకుపై ఆధారపడ్డాము. 2014 ఏప్రిల్ 1 నుండి ఆ దేశం దుంగల ఎగుమతిని నిషేధించినది. ఇప్పుడు ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాల తోట టేకు మన అడితిలలో కనిపిస్తున్నది. ఇళ్ళలో ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు కిటికీలు వచ్చినవి. మన వడ్రంగుల పిల్లలు హైదరాబాదుకు, గల్ఫు దేశాలకు వెళ్ళారు. హైదరాబాదు పనులకు రాజస్థాన్, బీహారు, ఉత్తరప్రదేశ్ వడ్రంగులు వచ్చారు. ఎక్కడివాడు అక్కడ లేడు. అందరూ పనిలోనే ఉన్నారు.

శుభవార్తలూ ఉన్నవి. హుస్సేన్‌సాగర్‌లో 1992లో నిలిచిన బుద్ధ విగ్రహాన్ని రూపొందించిన కీ.శే. ఎస్.ఎం. గణపతి స్థపతి గారికి 1990లో పద్మశ్రీ లభించినది. అంకుడు కొయ్యతో, సహజమైన లక్క రంగులతో ఏటికొప్పాక బొమ్మలకు పునరుజ్జీవనం కలిగించిన సి.వి. రాజు గారికి 2023లో, యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణానికి స్థపతిగా వ్యవహరించిన ఆనందాచారి వేలు గారికి 2024లో ఆ గౌరవమే దక్కినది. ఉలి పట్టినచేయి రాష్ట్రపతి భవనం దాక వెళ్ళగలదని యువకులు గ్రహించాలి.

ఈ పనిలోనికి రాగోరే పిల్లలకు, పంపటానికి సందేహించే తల్లిదండ్రులకు రెండు మాటలు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు తిరుపతిలో నడుపుచున్న శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, సుధాశిల్పం, లోహశిల్పం, దారుశిల్పం నేర్పుతారు. కులం వలన పని నేర్చుకొనే రోజు పోయినది. ఇష్టం వలన నేర్చుకొనవచ్చును. ఇప్పటికే చేతిపనిలో ఉన్నవారికి 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం ఉన్నది. అందులో చేర్చిన 18 వృత్తులలో వడ్రంగం, పడవల తయారీ, శిల్పం, తాపీ పని ఉన్నవి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, హామీ లేకుండా రెండు విడతలుగా 3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి ఋణం ఆ పథకం చెప్పినది. అదేవిధంగా భవన నిర్మాణ కార్మిక సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. పరంజాపై నుండి పడినవాని ఇంటికి ఆ నమోదు కాగితం ఎంత విలువైనదో, లేని ఇళ్ళకు వెళ్ళి పరామర్శించినవాడను కనుక చెప్పుచున్నాను. పని పెట్టించుకొనే మేస్త్రీలు, గుత్తేదారులు తమ మనుషులందరికీ ఆ నమోదు ఉన్నదా అని ముందుగా అడగాలి.

చివరిగా ధర్మకర్తల మండలికి ఒక విన్నపం. ఆలయ కార్యాలయంలో కలప చిట్టా ఒకటి ప్రారంభించండి. ఏ కొయ్య, ఎక్కడ కొన్నది, ఎప్పుడు కోసినది, ఎన్ని నెలలు ఆరినది, ఎవరు కొలిచినది, ఎవరు చేసినది, పని జరుగుతుండగా పనివాడు ఏమి హెచ్చరించినది, పెద్దలు ఏమి సమాధానం చెప్పినది అన్నీ అందులో వ్రాయండి. ఇంకొక అరవై ఏళ్ళకు ఈ తలుపులు బాగుచేయించేవారికి అది దారి చూపును. 1978లో అటువంటి చిట్టా ఉండి, ఆచారి గారు అన్నమాట అందులో ఎక్కి ఉంటే, నా చీటీ ఒక్కటే సాక్ష్యంగా మిగిలేది కాదు. ఆయన ఈ ఊరు విడిచి వెళ్ళవలసిన అవసరం కూడా ఉండేది కాదు.

ఆ చిట్టా మొదటి పుటలో అంటించటానికి ఆ పాత చీటీని తెచ్చాను. దానిక్రింద ఈనాటి తేదీ వేసి, "ఈ కలప పచ్చిది. వడ్రంగి ముందే చెప్పినాడు. పని దోషం ఆయనది కాదు" అని వ్రాసి సంతకం చేశాను. దీనిని అధ్యక్షుల వారి చేతికి ఇస్తున్నాను. ఆచారి గారి పేరును కూడా ఈసారి పనిచేసిన వారి పట్టికలో, మనుమని పేరుకు పైన చేర్చవలసినదిగా కోరుచున్నాను.

రేపు ఉదయం స్వామివారి వాకిలి తెరచునప్పుడు మీరందరూ గర్భాలయం వైపే చూడండి, అదే ధర్మం. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆ తలుపుమీద చేయి వేసి చూడండి. ప్రక్కనే ఆ యువకుడు నిలుచుని ఉంటాడు. పలుకరించండి.

 స్వామివారి అనుగ్రహం పని చేయించినవారికి, పని చేసినవారికి సమానంగా కలుగుగాక. స్వస్తి.